1553బి సీరియల్ బస్సు

1553బి సీరియల్ బస్సు అనేది విమానాలు, రాకెట్లు, ఉపగ్రహాలలోని ఎలక్ట్రానిక్ పరికరాలు ఒకే జంట తీగల మీద వంతులవారీగా సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి ఏర్పరచిన సాంకేతిక ప్రమాణం. దీని పూర్తి పేరు మిల్-స్టాండర్డ్-1553బి. అమెరికా రక్షణ శాఖ దీనిని ప్రచురించింది. ఈ బస్సుపై ఒక పరికరం ఆజ్ఞ ఇస్తుంది, ఆజ్ఞ అందుకున్న పరికరం నిర్ణీత కాలంలోగా జవాబు చెబుతుంది. ఈ ఆజ్ఞ-జవాబుల పద్ధతిని హ్యాండ్‌షేక్ లేదా కరచాలనం అంటారు.

భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ (ఇస్రో) వాహక నౌకలలో కూడా ఈ బస్సు వాడుకలో ఉన్నది. ఆ నౌకలు తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటలో గల సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం నుండి బయలుదేరుతాయి. రాకెట్టు నేల విడిచిన తరువాత మనిషి చేయి దానికి అందదు. అందువలన దానిలోని పరికరాలు ఒకదాని మాట మరొకటి సకాలంలో విన్నదీ లేనిదీ తమంతట తామే తేల్చుకోవలసి ఉంటుంది.

చరిత్ర

సీరియల్ పద్ధతి అంటే బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా ఒకే దారిలో పంపడం. బస్సు అంటే అనేక పరికరాలు పంచుకునే ఉమ్మడి దారి. 1960ల వరకు విమానాలలో ఒక పరికరానికీ మరొక పరికరానికీ మధ్య విడివిడిగా తీగలు వేసేవారు. ప్రతి పరికరాన్నీ మిగిలిన అన్నిటితోను కలపాలంటే 10 పరికరాలకు 45 జతలు, 20 పరికరాలకు 190 జతలు అవసరమవుతాయి. తీగల బరువు పెరగడమే కాక, ఎక్కడ ఏ అతుకు ఊడినదో కనిపెట్టడం కూడా కష్టమయ్యేది.

ఈ చిక్కును తప్పించడానికి అమెరికాలో 1968లో ప్రయత్నాలు మొదలయ్యాయి. తొలి ప్రమాణం 1973లో, దాని సవరించిన రూపమైన 1553ఎ 1975లో వెలువడ్డాయి. ఎఫ్-16 యుద్ధవిమానం దీనిని తొలినాళ్ళలోనే వాడుకున్నది. 1978లో వచ్చిన 1553బి ప్రపంచమంతటా వ్యాపించింది. 2018లో వెలువడిన 1553సి పనితీరులో 1553బికి సమానమే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోను, భారతదేశపు తేజస్ యుద్ధవిమానంలోను ఈ బస్సును వాడుతున్నారు.

ఇతర సీరియల్ పద్ధతులలో కరచాలనం

కరచాలనం 1553బికి మాత్రమే పరిమితమైనది కాదు. ప్రతి సీరియల్ పద్ధతీ దీనిని తనదైన రీతిలో పరిష్కరించుకున్నది.

• ఆర్.ఎస్.-232: 1960లో వచ్చిన ఈ పద్ధతిలో రెండు పరికరాలు మాత్రమే ఉంటాయి. "పంపవచ్చునా?" అని అడగడానికి ఒక తీగ, "పంపవచ్చు" అని చెప్పడానికి మరొక తీగ వేరుగా ఉంటాయి. ఆ తీగలు లేనిచోట ఆపమనడానికి, కొనసాగించమనడానికి ప్రత్యేకమైన అక్షర సంకేతాలను పంపుతారు.
• ఐ2సి: ఫిలిప్స్ సంస్థ 1982లో రూపొందించింది. ప్రతి 8 బిట్ల తరువాత తొమ్మిదవ బిట్టు కాలంలో, అందుకున్న పరికరం తీగను కిందికి లాగి తనకు అందినట్లు తెలుపుతుంది. పని పూర్తికాకపోతే గడియారపు తీగను పట్టి ఉంచి పంపేవారిని ఆపగలదు.
• క్యాన్ బస్సు: బాష్ సంస్థ 1986లో ప్రకటించింది. మోటారు వాహనాలలో ప్రసిద్ధి చెందింది. సందేశం ఏ ఒక్క పరికరానికి సరిగా అందినా ఆమోదపు బిట్టు వస్తుంది. కాని ఆ ఆమోదం ఏ పరికరం ఇచ్చినదో పంపినవారికి తెలియదు.
• ఎస్.పి.ఐ.: దీనిలో ఆమోదమన్నదే లేదు. అవతల పరికరం లేకపోయినా పంపేది పంపుతూనే ఉంటుంది.

1553బిలో కరచాలనానికి వేరే తీగ లేదు. ఆజ్ఞ, సమాచారం, జవాబు అన్నీ ఒకే జంట తీగల మీద నడుస్తాయి. జవాబులో చెప్పినవారి చిరునామా కూడా ఉంటుంది.

నిర్మాణం

ఈ బస్సుపై మూడు రకాల పరికరాలు ఉండవచ్చును.

• బస్ కంట్రోలరు: సంభాషణలన్నిటినీ ప్రారంభించేది ఇదొక్కటే. ఏ సమయంలోనైనా ఒక బస్సుకు ఒకే కంట్రోలరు ఉంటుంది.
• రిమోట్ టెర్మినలు: అడిగితే మాత్రమే మాట్లాడే పరికరం. ఇవి గరిష్ఠంగా 31 వరకు ఉండవచ్చును. 0 నుండి 30 వరకు వీటి చిరునామాలు. 31వ సంఖ్యను అందరికీ ఒకేసారి చెప్పే ప్రసారానికి కేటాయించారు.
• బస్ మానిటరు: నడుస్తున్న సంభాషణను విని నమోదు చేసుకునేది. ఇది మాట్లాడదు.

బస్సు వేగం సెకనుకు పది లక్షల బిట్లు. అంటే ఒక బిట్టుకు ఒక మైక్రోసెకను పడుతుంది. మెలితిప్పిన తీగల జంటకు పైన లోహపు కవచం ఉంటుంది. పరికరాలను సాధారణంగా ట్రాన్స్‌ఫార్మరు ద్వారా బస్సుకు కలుపుతారు. అందువలన ఒక పరికరంలో విద్యుత్ లోపం ఏర్పడినా బస్సు మొత్తం కూలిపోదు.

కీలకమైన వ్యవస్థలలో ఇటువంటి బస్సులను రెండు ఏర్పాటు చేస్తారు. ఒకదానిపై పని జరుగుతుండగా రెండవది సిద్ధంగా ఉంటుంది. టెర్మినలుకు ఆజ్ఞ ఏ బస్సుపై వస్తే ఆ బస్సుపైనే జవాబు చెప్పాలి.

పదాల రూపం

బస్సుపై నడిచే ప్రతి పదం 20 బిట్ల కాలం, అంటే 20 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. అందులో మొదటి 3 బిట్ల కాలం పదం మొదలైనదని తెలిపే గుర్తు, తరువాత 16 బిట్ల విషయం, చివర ఒక పారిటీ బిట్టు ఉంటాయి. బిట్లను మాంచెస్టర్ పద్ధతిలో పంపుతారు. ఈ పద్ధతిలో ప్రతి బిట్టు మధ్యలోను వోల్టేజి తప్పక మారుతుంది కనుక, వినే పరికరం ఆ మార్పులను బట్టి తన వేగాన్ని సరిచూసుకుంటుంది. ప్రారంభపు గుర్తులో మాత్రం వోల్టేజి ఒకటిన్నర బిట్టు కాలం మారకుండా నిలుస్తుంది. మామూలు బిట్లలో ఇది ఎన్నడూ జరగదు కాబట్టి పదం ఎక్కడ మొదలైనదో పొరపాటు లేకుండా తెలుస్తుంది.

పదాలు మూడు రకాలు.

• కమాండ్ పదం: కంట్రోలరు పంపేది. ఇందులో 5 బిట్ల చిరునామా, పంపాలో అందుకోవాలో చెప్పే ఒక బిట్టు, 5 బిట్ల ఉపచిరునామా, ఎన్ని పదాలో చెప్పే 5 బిట్లు ఉంటాయి.
• డేటా పదం: 16 బిట్ల సమాచారం. ఒక సందేశంలో 32 వరకు ఉండవచ్చును.
• స్టేటస్ పదం: టెర్మినలు ఇచ్చే జవాబు. తన చిరునామాతో పాటు సందేశంలో దోషమున్నదా, తాను పనిలో ఉన్నదా, తనలో లోపమేదైనా ఉన్నదా అనే విషయాలను బిట్ల రూపంలో తెలుపుతుంది.

కరచాలనం జరిగే తీరు

కంట్రోలరు ఒక టెర్మినలుకు 32 డేటా పదాలు పంపదలచినదనుకుందాం. ముందు కమాండ్ పదాన్ని, దాని వెంటనే విరామం లేకుండా 32 డేటా పదాలను పంపుతుంది. టెర్మినలు ప్రతి పదం గుర్తును, పారిటీని, పదాల సంఖ్యను సరిచూస్తుంది. అన్నీ సరిగా ఉంటే 4 నుండి 12 మైక్రోసెకన్లలోపు స్టేటస్ పదం పంపుతుంది. ఈ మొత్తానికి గరిష్ఠంగా 20 + 640 + 12 + 20 = 692 మైక్రోసెకన్లు పడుతుంది.

ఇంత కచ్చితంగా లెక్క కట్టగలగడమే ఈ బస్సు ప్రత్యేకత. ఉదాహరణకు 20 మిల్లీసెకన్లకు ఒకసారి తిరిగి వచ్చే పనుల చక్రంలో ఇటువంటి పెద్ద సందేశాలు పది ఉన్నా, వాటికి సుమారు 7 మిల్లీసెకన్లు సరిపోతాయి. మిగిలిన కాలం తిరిగి అడగడానికి, అనుకోని పనులకు ఉపయోగపడుతుంది.

టెర్మినలుకు సందేశంలో దోషం కనిపిస్తే అది జవాబు ఇవ్వదు. ఇక్కడ మౌనం కూడా ఒక జవాబే. దోషమున్నదనే విషయాన్ని తన స్టేటస్ పదంలో గుర్తు పెట్టుకొని, తరువాత కంట్రోలరు అడిగినపుడు చెబుతుంది.

జవాబు రాకపోతే

కంట్రోలరు కనీసం 14 మైక్రోసెకన్లు వేచి చూడాలి. అప్పటికీ జవాబు రాకపోతే సందేశం విఫలమైనట్లు భావించి అదే బస్సుపై గాని, రెండవ బస్సుపై గాని తిరిగి ప్రయత్నించవచ్చును. ఒక పరికరం లోపం వలన ఆగకుండా మాట్లాడుతూ ఉండిపోతే, అందరికీ దారి మూసుకుపోతుంది. అందుకని ప్రతి ట్రాన్స్‌మీటరును 800 మైక్రోసెకన్లలోపు తప్పనిసరిగా ఆపివేసే టైమరు ఉండాలని ప్రమాణం నిర్దేశిస్తుంది.

తిరిగి పంపడంలో ఒక ప్రమాదం ఉన్నది. ఆజ్ఞ సరిగానే అంది, జవాబు మాత్రమే దారిలో చెడిపోయిందనుకుందాం. కంట్రోలరుకు ఈ రెండు పరిస్థితుల మధ్య తేడా తెలియదు. అది మళ్ళీ పంపిస్తే టెర్మినలు అదే ఆజ్ఞను రెండుసార్లు అందుకుంటుంది. ఆ ఆజ్ఞ "వాల్వు స్థితిని మార్చు" అని ఉంటే, మొదటిసారి తెరచుకున్న వాల్వు రెండవసారి మూసుకుపోతుంది. "వాల్వును తెరచి ఉంచు" అని ఉంటే ఎన్నిసార్లు విన్నా ఫలితం ఒక్కటే. అందువలన ఇటువంటి వ్యవస్థలలో ఆజ్ఞలను రెండవ రీతిలో రూపొందిస్తారు, లేదా ప్రతి ఆజ్ఞకు ఒక వరుస సంఖ్య ఇస్తారు.

డివైస్ డ్రైవర్ల పాత్ర

పైన చెప్పిన కరచాలనమంతా రెండు పరికరాల హార్డువేరు మధ్య జరుగుతుంది. 12 మైక్రోసెకన్లలో జవాబు చెప్పడం సాఫ్టువేరు వలన కాదు కాబట్టి ఆ పనిని ప్రత్యేకమైన చిప్పుకు అప్పగిస్తారు. ఆ చిప్పుకూ, కంప్యూటరు ప్రోగ్రాముకూ మధ్య నిలిచే సాఫ్టువేరును డివైస్ డ్రైవరు అంటారు. కంట్రోలరు వైపు డ్రైవరు ఏ సందేశం ఎప్పుడు వెళ్ళాలో పట్టిక తయారు చేస్తుంది. టెర్మినలు వైపు డ్రైవరు వచ్చిన సమాచారాన్ని తీసుకుని, పంపవలసిన దానిని బఫరులో సిద్ధంగా ఉంచుతుంది.

ఈ రెండు డ్రైవర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోలేవు. టెర్మినలు డ్రైవరు బఫరులో కొత్త విలువ రాస్తున్న సమయంలోనే కంట్రోలరు ఆ విలువను అడగవచ్చును. ఉదాహరణకు 32 బిట్ల సంఖ్యను రెండు 16 బిట్ల పదాలుగా విడగొట్టి ఉంచారనుకుందాం. పాత విలువ 65,535. దీనిలో పై పదం 0, కింది పదం 65,535. కొత్త విలువ 65,536. దీనిలో పై పదం 1, కింది పదం 0. డ్రైవరు పై పదం మార్చి, కింది పదం ఇంకా మార్చకముందే సందేశం వెళ్ళిపోతే, అవతలివారికి 1, 65,535 అందుతాయి. అంటే 1,31,071. ఇది పాత విలువా కాదు, కొత్త విలువా కాదు. అయినా పారిటీ సరిగానే ఉంటుంది, పదాల సంఖ్య సరిగానే ఉంటుంది, స్టేటస్ పదంలో దోషమేదీ కనిపించదు.

దీనిని నివారించడానికి కింది పద్ధతులు పాటిస్తారు.

• జంట బఫర్లు: ఒక బఫరు నుండి బస్సు చదువుతుండగా డ్రైవరు రెండవ దానిలో రాస్తుంది. రాయడం పూర్తయిన తరువాత, సందేశాల మధ్య విరామంలో మాత్రమే అవి స్థానాలు మార్చుకుంటాయి.
• ఇంటరప్టు: సందేశం పూర్తి కాగానే చిప్పు డ్రైవరుకు కబురు చేస్తుంది. అప్పటి వరకు డ్రైవరు ఆ బఫరును ముట్టుకోదు.
• వరుస సంఖ్య: ప్రతి కొత్త విలువతో పాటు ఒక సంఖ్య పెరుగుతుంది. అది పెరగకపోతే పరికరం బస్సుపై జవాబిస్తున్నా, లోపలి ప్రోగ్రాము ఆగిపోయిందని గ్రహించవచ్చును.
• పనిలో ఉన్నాననే బిట్టు: సమాచారం సిద్ధంగా లేనపుడు పాత విలువను ఇవ్వకుండా, తరువాత అడగమని ఈ బిట్టు ద్వారా టెర్మినలు తెలుపుతుంది.

గడియారాల సమకాలీకరణ

ప్రతి పరికరంలోను సొంత స్ఫటిక గడియారం ఉంటుంది. ఏ రెండు స్ఫటికాలూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 50 భాగాల మేర తేడా ఉండే రెండు గడియారాలు ఎదురెదురు దిశలలో జరిగితే, సెకనుకు 100 మైక్రోసెకన్ల చొప్పున దూరమవుతాయి. 1000 సెకన్లలో ఆ తేడా 100 మిల్లీసెకన్లవుతుంది. సెకనుకు 7.5 కిలోమీటర్ల వేగంతో పోయే నౌక ఆ కాలంలో 750 మీటర్లు ప్రయాణిస్తుంది. కొలత ఎప్పుడు తీసుకున్నదో తెలియకపోతే ఆ కొలతకు విలువ ఉండదు.

అందుకని 1553బిలో సమకాలీకరణకు రెండు ప్రత్యేక ఆజ్ఞలున్నవి. ఒకటవ సంఖ్య గల ఆజ్ఞ అందగానే టెర్మినలు తన లెక్కింపును ముందుగా నిర్ణయించిన స్థితికి తెచ్చుకుంటుంది. పదిహేడవ సంఖ్య గల ఆజ్ఞతో పాటు ఒక డేటా పదం కూడా వస్తుంది. అందులో ఉన్న కాలాన్ని టెర్మినలు తన గడియారంలో నింపుకుంటుంది. ఈ సందేశం బస్సుపై తీసుకునే కాలం ఎప్పుడూ 40 మైక్రోసెకన్లే కనుక దానిని లెక్కలో సవరించవచ్చును. తీగలో సంకేతం మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. అంటే 50 మీటర్ల తీగకు పావు మైక్రోసెకను మాత్రమే.

ఈ ఆజ్ఞను అందరికీ ఒకేసారి ప్రసారం చేయవచ్చును. అయితే అందరూ ఒకేసారి జవాబు చెబితే సంకేతాలు కలిసిపోతాయి కాబట్టి, ప్రసారానికి ఎవ్వరూ వెంటనే జవాబు చెప్పరు. తరువాత కంట్రోలరు ఒక్కొక్క టెర్మినలును విడిగా పిలిచి స్టేటస్ పదం అడుగుతుంది. ప్రసారం అందినట్లు తెలిపే బిట్టును అందులో చూసుకుని, అందనివారికి మళ్ళీ చెబుతుంది.

శ్రీహరికోటలో

శ్రీహరికోట పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న ద్వీపం. సమీప రైల్వే స్టేషను సూళ్ళూరుపేట. ఇది పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి నుండి తొలి సౌండింగ్ రాకెట్టును 1971 అక్టోబరు 9న ప్రయోగించారు. 2002లో ఈ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు.

తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం, చండీగఢ్‌లోని సెమీకండక్టర్ లేబొరేటరీ కలిసి రూపొందించిన 16 బిట్ల విక్రమ్ 1601 ప్రాసెసరు 2009 నుండి ఇస్రో వాహక నౌకలలో వాడబడుతున్నది. దాని తరువాతి 32 బిట్ల రూపం విక్రమ్ 3201. దీనిలో రెండు 1553బి మాడ్యూళ్ళను, నాలుగు టైమర్లను చిప్పులోనే అమర్చారు. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి బయలుదేరిన పీఎస్‌ఎల్‌వి-సి60లో దీనిని పరీక్షించారు. 2025 మార్చి 5న తొలి విడత చిప్పులను ఇస్రోకు అప్పగించారు.

"జవాబు అందనిదే ముందడుగు వేయరాదు" అనే సూత్రం బస్సుకే కాక ప్రయోగ క్రమానికంతటికీ వర్తిస్తుంది. 2001 మార్చి 28న జీఎస్‌ఎల్‌వి-డి1 ప్రయోగం చివరి సెకనులో ఆగిపోయింది. జీఎస్‌ఎల్‌విలో చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన ఇంజన్లను ముందుగా మండిస్తారు. అవి సరిగా పనిచేస్తున్నట్లు నిర్ధారణ అయిన తరువాతనే మధ్యలోని ఘన ఇంధన దశను మండిస్తారు. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆర్పడం సాధ్యం కాదు. ఆ రోజు ఒక ఇంజనులో తగినంత ఒత్తిడి బలం ఏర్పడలేదని స్వయంచాలక వ్యవస్థ గుర్తించి ప్రయోగాన్ని నిలిపివేసింది. నౌక వేదికపైనే భద్రంగా నిలిచింది. 21 రోజుల తరువాత, ఏప్రిల్ 18న అదే నౌకను ప్రయోగించారు. ఇది బస్సు లోపం కాదు. సరైన జవాబు లేనపుడు ఆగడం ఎంత విలువైనదో తెలిపే ఉదాహరణ.

2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా నౌక టీవీ-డి1 కూడా బయలుదేరడానికి 5 సెకన్ల ముందు కంప్యూటరు ఆజ్ఞతో ఆగింది. కారణం తెలుసుకుని సరిచేసి, అదే రోజు ఉదయం 10 గంటలకు ప్రయోగించారు.

పరిమితులు

కరచాలనం సందేశం అందినదని మాత్రమే చెబుతుంది. ఆ సందేశం నిజమని చెప్పదు. ఈ తేడాను మరచిన చోట పెద్ద నష్టాలు జరిగాయి.

1996 జూన్ 4న ఐరోపా వారి తొలి ఏరియాన్ 5 రాకెట్టు ప్రయాణ క్రమం మొదలైన సుమారు 40 సెకన్లకు విచ్ఛిన్నమైంది. దానిలోను 1553బి బస్సే ఉన్నది. దిశను కొలిచే పరికరంలోని ప్రోగ్రాము 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోయి విఫలమైంది. అదే ప్రోగ్రాము నడుస్తున్న ప్రత్యామ్నాయ పరికరం కూడా అదే కారణంతో అంతకు క్షణకాలం ముందే ఆగిపోయింది. ఆ పరికరం తన లోపాన్ని తెలుపుతూ పంపిన సమాచారాన్ని ప్రధాన కంప్యూటరు దిశకు సంబంధించిన కొలతగా భావించి ఇంజన్ల నాజిళ్ళను పూర్తిగా తిప్పింది. సందేశం సకాలంలోనే అందింది. దాని అర్థం మాత్రం తప్పుగా గ్రహించబడింది.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ శ్రీహరికోటకు చెందినది. 2022 ఆగస్టు 7న ఎస్‌ఎస్‌ఎల్‌వి-డి1 ప్రయోగంలో రెండవ దశ విడిపోయేటపుడు కలిగిన కంపనాలు త్వరణాన్ని కొలిచే పరికరాలను కొద్దిసేపు కలవరపరచాయి. లోపాలను గుర్తించే ప్రోగ్రాము ఆ పరికరాలు చెడిపోయినట్లు నిర్ణయించింది. నౌక అత్యవసర మార్గానికి మారి, ఉపగ్రహాలను 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు 356 × 76 కిలోమీటర్ల కక్ష్యలో విడిచింది. అంత తక్కువ ఎత్తులో అవి నిలువలేకపోయాయి. తగిన మార్పులు చేసిన తరువాత 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వి-డి2 విజయవంతమైంది.

మొదటి సందర్భంలో నమ్మకూడని మాటను నమ్మడం, రెండవ సందర్భంలో కొద్దిసేపు తడబడిన మాటను పూర్తిగా తోసిపుచ్చడం జరిగింది. కాబట్టి ఎంతకాలం వేచి చూడాలి, ఎన్నిసార్లు తిరిగి అడగాలి, ఎప్పుడు ఒక పరికరాన్ని పక్కన పెట్టాలి అనే నిర్ణయాలు బస్సు ప్రమాణంలో దొరకవు. వాటిని ఆ వ్యవస్థను రూపొందించేవారే నిర్ణయించి, నేలమీదనే పరీక్షించవలసి ఉంటుంది.

వేగం విషయంలోను ఈ బస్సుకు పరిమితి ఉన్నది. సెకనుకు పది లక్షల బిట్ల వేగం చిత్రాలు, వీడియోలు పంపడానికి చాలదు. అటువంటి అవసరాలకు స్పేస్‌వైర్ వంటి వేగవంతమైన పద్ధతులను దీనికి తోడుగా వాడతారు.

ఇవి కూడా చూడండి

• సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం
• భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ
• జీఎస్‌ఎల్‌వి
• డివైస్ డ్రైవరు
• మాంచెస్టర్ సంకేత పద్ధతి
• తిరుపతి జిల్లా